కాలేయం చెప్పిన సాక్ష్యం

“ఈ గోడ గడియారం ఎందుకు వెనకబడింది?”

కాలేయ క్యాన్సర్ పరిశోధనాలయంలోని ఫ్రీజర్ గదిలో అడుగుపెట్టగానే డిటెక్టివ్ అడిగిన మొదటి మాట అది. దొంగ గురించి కాదు, దొంగసొత్తు గురించీ కాదు.

డైరెక్టర్ నొసలు చిట్లించాడు. “మిమ్మల్ని పిలిచింది నేను కాదు, ఈ అమ్మాయి. పోయింది గడియారం కాదని చెప్పలేదా మీకు?”

“చెప్పింది. కాలేయం ముక్కలున్న గొట్టాలు రెండు పోయాయంది. గడియారం సంగతే చెప్పలేదు. నా చేతి గడియారానికీ దీనికీ పదకొండు నిమిషాల తేడా ఉంది. అడిగితే తప్పేముంది?”

ఊళ్లో అందరూ ఈ డిటెక్టివ్‌ను కొక్కెం అంటారు. ప్రశ్నార్థకం కొక్కెంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, ఎక్కడ తగులుకుంటే అక్కణ్ణించి ఊడిరాదు కాబట్టి వచ్చిందని ఇంకొందరు. ఆ పేరు విని ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. తలుపు మీద బోర్డు కూడా దాంతోనే రాయించుకుంది.

పిలిచిన అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉంది. పరిశోధకురాలు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. పొద్దున్న ఫోన్లో ఆమె చెప్పిన కథ ఇది. కాలేయ క్యాన్సర్ ఉన్న ఒక దర్జీకి ఈ పరిశోధనాలయంలో తయారైన కొత్త మాత్ర ఇస్తున్నారు. మొదలుపెట్టే ముందు అతని కాలేయం నుంచి సూదితో చిన్న ముక్క తీశారు. మూడు నెలల తర్వాత మళ్లీ తీశారు. మొదటి ముక్కలో క్యాన్సర్ ఉంది. రెండోదాంట్లో ఆనవాలు కూడా లేదు. స్కానింగు కూడా కడిగిన పలకలా వచ్చింది. నిన్న మధ్యాహ్నం డైరెక్టర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఆ శుభవార్త చెప్పాడు. ఆ సభ నడుస్తుండగానే రెండో ముక్క ఉన్న గొట్టాలు ఫ్రీజర్‌లోంచి మాయమయ్యాయి. నిన్న పొద్దున్నే ఈ పరిశోధకురాలు ఇదే గదిలో నిలబడి డైరెక్టర్‌తో, “సార్, ఆ ముక్క దర్జీది కాదు” అంది. అందుకని అనుమానమంతా ఇప్పుడు ఆమె నెత్తినే పడింది.

“గడియారం నిన్న పొద్దున సరిగానే ఉంది,” అంది పరిశోధకురాలు నెమ్మదిగా. “కరెంటు మీద నడుస్తుంది. బహుశా కరెంటు పోయి వచ్చిందేమో.”

“పోలేదు,” అన్నాడు డైరెక్టర్. “పోతే ఫ్రీజర్ల అలారం గోలపెట్టేది.”

“ఫ్రీజర్లకీ గడియారానికీ ఒకటే లైనా?”

డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు. “కాదు. ఫ్రీజర్లది వేరే.”

“మరి ఈ తలుపు? కార్డు పెడితేగాని తెరుచుకోదన్నారుగా. దానికి కరెంటు ఆగితే ఏమవుతుంది?”

“తెరుచుకుంటుంది. మంటలు వస్తే లోపలివాళ్లు చిక్కుకోకూడదని అలా...” ఆయన చూపు తలుపు మీదికి పోయింది.

“అంటే కార్డు లేకుండా లోపలికి రావచ్చన్నమాట,” అంది కొక్కెం, ఒకరికి చెబుతున్నట్టు కాదు, తనకు తానే కొత్త సంగతి విన్నట్టు. “వచ్చినవాడికి ఏ మీట నొక్కితే ఏది ఆగుతుందో తెలుసు. ఫ్రీజర్ల జోలికి పోలేదు. మిగతా రోగుల ముక్కలు పాడవకూడదనుకున్నాడు. జాలిగుండె దొంగ! ఇలాంటివాణ్ణి నేనింతవరకూ చూడలేదు.”

ఆమె ఫ్రీజర్ తలుపు తీయమంది. తెల్లటి పొగ పాదాల మీదికి దిగింది. మేకుకి వేలాడుతున్న దళసరి తొడుగులు చేతికి వేసుకుని ఒక గొట్టాన్ని పట్టుకోబోయింది. చిటికెన వేలంత గొట్టం, చేపపిల్లలా జారిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఊహూఁ.

“మీరెలా తీస్తారు?”

“పట్టకారుతో,” అంది పరిశోధకురాలు. “నా బల్ల సొరుగులో ఉంటుంది.”

“పట్టకారు లేనివాడు?”

“తొడుగు విప్పి ఒట్టి చేత్తో తీయాలి. కానీ అంత చలికి చర్మం అంటుకుపోతుంది. లాగితే బొబ్బే.”

“మీ చేతులు చూపించండి.”

అమ్మాయి రెండు చేతులూ చాపింది. వేళ్ల మీద ఒక్క మచ్చ లేదు. అడక్కుండానే డైరెక్టర్ కూడా తన చేతులు చాపి, అంతలోనే సిగ్గుపడి జేబుల్లో పెట్టుకున్నాడు.

బయట వరండాలో నిచ్చెన మీద ఏసీ మెకానిక్ పనిచేసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి. ఈ భవనంలో ఏసీలు, ఫ్రీజర్లు, స్విచ్ బోర్డులు అన్నీ అతనే చూస్తాడని పరిశోధకురాలు చెప్పింది. కొక్కెం నిచ్చెన కింద నిలబడి తలెత్తింది.

“ఒక్క నిమిషం కిందికి దిగుతారా?”

అతను దిగాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి, ఎడమచేత్తో కుడివైపు పక్కటెముకల కింద అదిమి పట్టుకుని దిగాడు.

“పక్కలో నొప్పా?”

“బరువెత్తానండీ. పట్టేసింది.”

“బొటనవేలికేమైంది? చూపుడువేలికి కూడా ఉందే.”

“రాగి గొట్టం అతికిస్తుంటే కాలిందండీ.”

“కాలితే ఎర్రగా ఉబ్బుతుంది. ఇది తెల్లగా పాలిపోయి ఉంది.”

“మందు రాశానండీ,” అన్నాడతను. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడిలా కళ్లు నేలకు దించాడు.

ఆమె ఆ వేళ్లను వదిలేసి ఇంకో దారి పట్టింది. “ఈ గదుల్లో మాట్లాడుకునేవి మీకు వినిపిస్తుంటాయా?”

“గాలి గొట్టంలోంచి అన్నీ వినిపిస్తాయండీ. అర్థం కావు.”

“నిన్న పొద్దున ఏదైనా అర్థమైందా?”

మెకానిక్ స్పానర్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “పనుందండీ,” అని మళ్లీ నిచ్చెనెక్కాడు.

పరిశోధకురాలు కొక్కెం చెవిలో, “అతనేనా? పట్టుకోరేం?” అంది.

“తీసిన చెయ్యి దొరికింది. ఎందుకు తీశాడో దొరకలేదు. ఏసీ బాగుచేసుకునే మనిషికి దర్జీ కాలేయంతో ఏం పనమ్మా? అది తెలీకుండా ఇప్పుడు పట్టుకుంటే నోరు కుట్టేసుకుంటాడు.”

ఆ మాట పూర్తికాకముందే మెట్ల దగ్గర బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్. కొక్కెం అక్క మొగుడు. ఇంటి దగ్గర బావ, కేసు దగ్గర శత్రువు. ఆమె ముందు చేరిన ప్రతిచోటుకీ ఆయన ముఖం మాడ్చుకుని వస్తాడు.

“ఏం మరదలా, ఇంట్లో పనేమీ లేదా?”

“ఉంది బావగారూ. మీకు పెట్టాల్సిన చీవాట్లు కూడా అక్క నాకే అప్పజెప్పింది, అందుకే రావలసొచ్చింది.”

కూడా వచ్చిన కానిస్టేబుల్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “వేళాకోళాలు ఇంటి దగ్గర. ఇక్కడ నా మాట విను. రెండో ముక్కలో ఇదివరకు పరీక్షకి తీసినదాంట్లో గోరంత మిగిలి ఉంటే డైరెక్టర్ గారు నిన్న సాయంత్రం మా లేబుకి పంపారు. ఉన్నదంతా పరీక్షకే సరిపోయింది. మొదటి ముక్కతో పోల్చాం, డీఎన్‌ఏ దర్జీదే. అణువంత తేడా లేదు. అంటే ఈ అమ్మాయి చెప్పింది తప్పు. ఇంకోసారి పరీక్ష చేస్తే తన తప్పు బయటపడుతుందని గొట్టాలు దాచేసింది. సభకి ఆలస్యంగా వెళ్లింది. ఆ గది తలుపు మీద ఆఖరి కార్డు ఆమెదే. కథ అయిపోయింది.”

“నేను తప్పు చెప్పలేదు!” పరిశోధకురాలి గొంతు మొదటిసారి పెరిగింది. “డీఎన్‌ఏ దర్జీదే అని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఆ కాలేయం దర్జీది కాదు!”

ఇన్‌స్పెక్టర్ కొక్కెం వైపు చూసి చేతులు తిప్పాడు, విన్నావా అన్నట్టు.

కొక్కెం మాత్రం అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్లు మెరుస్తున్నాయి. “ఇది నాకు కావాలి. మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా. ఒకే డీఎన్‌ఏ ఉన్నా ఒకే మనిషిది కాకపోవడం ఎలా?”

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. “డీఎన్‌ఏ అంటే ఒక పెద్ద పుస్తకం అనుకోండి. మన ఒంట్లో కంటికీ, కాలేయానికీ, చర్మానికీ అన్నిటికీ అదే పుస్తకం. అక్షరం తేడా ఉండదు. మరి కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎందుకున్నాయి? ఏ పేజీలు చదవాలో, ఏవి మూసి లక్క ముద్ర వేయాలో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి. ఆ ముద్రలు అక్షరాల మీద అంటుకునే చిన్న చిన్న రసాయనాలు. అక్షరాలు మారవు, ముద్రలు మారతాయి.”

“క్యాన్సర్‌లో?”

“చాలాసార్లు ముద్రలు తారుమారవుతాయి. కణం అతిగా పెరగకుండా ఆపే బ్రేకుల పేజీలు కొన్ని ఉంటాయి. కాలేయ క్యాన్సర్‌లో వాటి మీద ముద్ర పడిపోతుంది. పేజీ ఉంటుంది, చదివే దారి ఉండదు. బ్రేకు లేని బండి ఎలా పోతుందో గడ్డ అలా పెరుగుతుంది. మా మాత్ర ఆ ముద్రల్ని ఊడదీస్తుంది.”

“ఊడదీసింది, బాగైపోయాడు. ఇంకేంటి గొడవ?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“గొడవ గడ్డలో కాదు సార్, గడ్డ పక్కన. దర్జీకి చిన్నప్పుడు కామెర్ల వైరస్ సోకింది. ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోయింది. దాని గుర్తులు గడ్డ లేని చోట కూడా వేలకొద్దీ ఉన్నాయి. మొదటి ముక్కలో నేను చూశాను. రెండోదాంట్లో ఒక్కటీ లేదు. బట్ట మీద మరక పోవచ్చు. కానీ బట్ట అసలు తొడగనే లేదన్నంత కొత్తగా అవుతుందా? ఆ ముక్క ఏ రోజూ ఆ జబ్బు ఎరగని కాలేయంలోది.”

డైరెక్టర్ పెదవి విరిచాడు. “మాత్ర గొప్పతనం అది. నీకు నమ్మకం లేకపోతే నేనేం చేయను? నాకు నమ్మకముంది. ఈ రోజు మధ్యాహ్నం నుంచి మిగతా రోగులకి మోతాదు రెట్టింపు చేస్తున్నాం.”

కొక్కెం గోళ్లతో స్టూలు అంచు మీద తాళం వేస్తూ ఆలోచిస్తోంది.

“చిన్న ప్రశ్న,” అంది చివరికి. “అచ్చం ఒకే అక్షరాలున్న పుస్తకాలు ఇద్దరు మనుషులకి ఉండవా?”

“ఉండవు,” అంది పరిశోధకురాలు వెంటనే. “ఒక్క...” ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. “ఒకే పిండం చీలి పుట్టిన కవలలకి తప్ప.”

“డైరెక్టర్ గారూ, ఆ దర్జీని మీ పరిశోధనాలయంలో ఎవరైనా చూశారా?”

“ఎందుకు చూస్తాం? రోగులంతా అవతల ఆసుపత్రిలో. మాకొచ్చేవి గొట్టాలు, వాటి మీద నంబర్లు.”

కొక్కెం లేచి నిలబడింది. “బావగారూ, కేసు రాసుకున్నారంటే దర్జీ ఇంటి అడ్రసు మీ దగ్గరుండాలి. జీపులో ఇంకో ఇద్దరికి చోటుందా?”

“నేనెందుకు తీసుకెళ్లాలి?”

“తప్పు నాదైతే ఏడాదిపాటు మీ కేసుల దరిదాపులకి రాను. అక్క మీద ఒట్టు.”

ఇన్‌స్పెక్టర్ కళ్లలో ఆశ వెలిగింది. “ఎక్కు,” అన్నాడు.

వాళ్లు వరండా దాటుతుంటే నిచ్చెన ఖాళీగా ఉంది. పనిముట్ల సంచీ అక్కడే ఉంది. మనిషి లేడు.

దర్జీ ఇంటి ముందు గదే దుకాణం. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సగం కుట్టిన చొక్కా చేయి ఒకటి మేకుకి వేలాడుతోంది. తలుపు తీసిన దర్జీ భార్య ఇన్‌స్పెక్టర్ టోపీ చూడగానే గడపకి అడ్డంగా నిలబడింది.

“ఆయన పడుకున్నారు.”

“బాగైపోయారట కదమ్మా. సంతోషం. లేపండి, ఒక్కసారి పలకరించి పోతాం,” అంది కొక్కెం.

“బాగయ్యారు,” అంది ఆమె. ఆ మాట అంటూనే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపలి నుంచి గొంతు వినిపించింది. “వదినా, రానియ్యి. ఆవిడకి తెలిసిపోయింది.”

తెర పక్కకు తీసి మెకానిక్ నిలబడ్డాడు. అతని వెనక మంచం మీద ఇంకో మనిషి. అదే ముక్కు, అదే గడ్డం, కనుబొమల మధ్య అదే గీత. కానీ మంచం మీది కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయి, పొట్ట మాత్రం దుప్పటి కింద కుండలా ఎత్తుగా ఉంది. ఒక మనిషినే రెండుసార్లు గీసి, రెండోసారి నీళ్లలో తడిపేసినట్టుంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకీ తెలియదు.

“మా అన్నయ్య,” అన్నాడు మెకానిక్. “నాకంటే కాస్త ముందు పుట్టాడు. అమ్మ పోయాక నన్ను కుట్టుమిషను మీద పెంచాడు. ఆసుపత్రిలో వారం వారం రక్తం చూస్తారండీ. గడ్డ పెరుగుతోందని తేలితే పేరు కొట్టేసి మాత్రలు ఆపేస్తారని మొదటిరోజే చెప్పారు. రెండో వారానికే అన్నయ్య కళ్లు పచ్చబడ్డాయి. మాత్ర వేసుకున్న రోజు నాలుగు ముద్దలు తినేవాడు. మాకు అదే వెయ్యి వరాలు. అందుకని నేను వెళ్లడం మొదలుపెట్టాను. రక్తం ఇచ్చాను, స్కానింగు చేయించుకున్నాను, సూది కూడా పొడిపించుకున్నాను. వారానికి సరిపడా మాత్రలు తెచ్చి అన్నయ్యకిచ్చాను.” అతని చేయి కుడి పక్కటెముకల మీదికి వెళ్లింది. “ఈ అమ్మగారు ఆ ముక్క మా అన్నయ్యది కాదనడం గాలి గొట్టంలో విన్నాను. మళ్లీ పరీక్ష చేస్తే పట్టుబడతాం అనిపించింది. గొట్టాల మీది నంబరు అన్నయ్య మాత్రల చీటీ మీదే ఉంది.”

“గొట్టాలేవి?” అడిగాడు ఇన్‌స్పెక్టర్.

దర్జీ భార్య వంటింట్లోకి వెళ్లి ఫ్లాస్కు తెచ్చింది. దాని నిండా ఐసు, మధ్యలో రెండు గొట్టాలు. పారేయడానికి చేతులు రాలేదంది. “మా మరిది ఒంట్లో ముక్క కదండీ.”

మంచం మీంచి దర్జీ చేతులు జోడించాడు. “తప్పంతా నాదేనమ్మా. వాణ్ణి ఏమీ అనకండి. నా మాత్రలు మాత్రం ఆపించకండి.”

ఈసారి ప్రశ్న కొక్కెంది కాదు. అడిగింది పరిశోధకురాలు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని, దర్జీ నాడి చూసి, తలెత్తి మెకానిక్‌ని అడిగింది.

“వారం వారం వెళ్లినప్పుడు మొదటి మాత్ర నర్సు ముందే మింగమంటారు కదా. అప్పుడేం చేసేవారు?”

“నాలుక కింద దాచుకుని ఇంటికి తెచ్చేవాడు,” అన్నాడు దర్జీ, తమ్ముడి తెలివికి గర్వపడుతున్నట్టు.

“దాచడానికి కుదరదండీ. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూస్తారు. ఆ నియమం పెట్టించింది నేనే.”

మెకానిక్ ఇందాక స్పానర్ పట్టుకున్నట్టే ఇప్పుడు ఒక చేతి వేళ్లను ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

పరిశోధకురాలు మంచం పట్టె మీంచి లేచింది. “ఆ రెండో ముక్కలో ఒకటి నాకు అర్థం కాలేదు. దర్జీది కాదని చెప్పడమే ముఖ్యమనుకుని దాన్ని పక్కన పెట్టాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు కాలేయాన్ని గబగబా పెంచే పేజీ ఒకటుంటుంది. పుట్టాక దానికి పని లేదు. గట్టిగా ముద్ర పడిపోతుంది. జీవితాంతం అలాగే ఉండాలి. కాలేయ క్యాన్సర్‌లో అది మళ్లీ తెరుచుకోవడం చూస్తాం. ఆ ముక్కలో ఆ ముద్ర సగం ఊడిపోయి ఉంది.” ఆమె గొంతు తగ్గిపోయింది. “అది జబ్బు ఎరగని కాలేయం. మా మాత్రకి మూయాల్సిన పేజీ ఏదో, తెరవాల్సిన పేజీ ఏదో తెలియడం లేదు. అన్నీ ఊడదీస్తోంది.”

కొక్కెం గిర్రున తిరిగింది. “బావగారూ! రెట్టింపు మోతాదు!”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని గుమ్మం దాటాడు. బయటి నుంచి ఆయన కేక వీధంతా వినిపించింది. “డైరెక్టర్ గారూ, ఒక్క మాత్ర కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు! ఎవరు చెప్పారా? నా మరదలు చెప్పింది, చాలదా? సాక్ష్యం కావాలా? ఐసులో పెట్టి తెస్తున్నాను, ఆపండి ముందు!” కాసేపు అవతలి మాటలు విన్నాడు. తర్వాత గొంతు మారింది. “ఎంతమందికి ఇచ్చేశారు?... ఇద్దరికా? వాళ్లని వార్డు కదలనివ్వకండి. వస్తున్నాం.”

గదిలో మెకానిక్ ఇంకా అన్న మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పరిశోధకురాలు అతని మోచెయ్యి పట్టుకుంది. “మీరిప్పుడే నాతో ఆసుపత్రికి రావాలి. సగమే తెరుచుకుంది. ఇంకా ఆలస్యం కాలేదేమో.”

“నా సంగతి తర్వాత చూద్దాం లెండి. అన్నయ్య మాత్రలు ఆపేస్తారా?”

దర్జీ పక్క మీద మోచేతులు ఆనించి లేవబోయాడు. వారాలుగా తనంతట తాను లేవని మనిషి. భార్య పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. పసుపు కళ్లు తమ్ముడి ముఖం మీద నిలిచిపోయాయి.

“ఒరేయ్,” అన్నాడు. “మింగావా?”

తమ్ముడు తల దించుకున్నాడు.

“ప్రతి వారం?”